టచప్ అడగని ముఖం

'కాస్క్ దోర్' అనే ఫ్రెంచి సినిమా 1952లో వచ్చింది. నది మీద పడవలతో మొదలవుతుంది. షికారుకి బయల్దేరిన రౌడీ మూక, వాళ్ల ఆడవాళ్లు. ఒక పడవకి తెడ్లు వేస్తున్నది మాత్రం ఆడమనిషి. జుట్టు మొత్తం నెత్తిమీదికి ఎత్తి చుట్టిన పెద్ద కొప్పు. సినిమా నలుపు తెలుపే. అయినా ఆ జుట్టు బంగారు రంగుదని ఎవరూ చెప్పక్కర్లేదు. నేనైతే కాసేపు కథ పట్టించుకోలేదు. ఆ కొప్పులో సొంత జుట్టెంత, సవరం ఎంత, పిన్నులు ఎక్కడ దాచారు, తెడ్డు లాగుతుంటే పాయ జారకుండా ఎలా నిలబెట్టారు అని చూస్తూ కూర్చున్నాను.

నా వృత్తి అలాంటిది. మద్రాసులో మొదలుపెట్టి, పరిశ్రమ హైదరాబాదు వచ్చేశాక ఇక్కడా సినిమాలకి హెయిర్‌డ్రెస్సర్‌గా పనిచేశాను. హీరోయిన్ల తలలు దువ్వాను, విగ్గులు అతికించాను, తెల్లవెంట్రుక కనపడిన రోజున నోరు మూసుకుని బ్రష్షు అందుకున్నాను. ఇప్పటికీ ఎవరు ఎదురుపడినా ముందు నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటే చూస్తాను. విగ్గయినా, వయసైనా అక్కడే దొరికిపోతుంది. కాబట్టి ఈ వ్యాసం సినిమా పండితులు రాసినట్టు ఉండదు. ఆ కొప్పు పెట్టుకున్న మనిషి పేరు సిమోన్ సిన్యోరే. మా అమ్మాయి ఆమె సినిమాలు ఒక్కొక్కటే పెట్టి చూపించింది, ఆమె ఆత్మకథ ఇంగ్లిషు అనువాదం తెచ్చి ఇచ్చింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. చదువుతున్నంతసేపూ ఒకటే ఆశ్చర్యం. మేం జీవితమంతా దాచిపెట్టిన వాటిని ఈవిడ దాచలేదు. దాచకుండానే పని దొరికించుకుంది, చివరిదాకా.

'కాస్క్ దోర్' కథ నిజంగా జరిగిందే. 1902 ప్రాంతంలో పారిస్‌లో అమెలీ ఎలీ అనే వేశ్య కోసం మాందా, లెకా అనే ఇద్దరు ముఠా నాయకులు కత్తులు దూసుకున్నారు. ఆ జుట్టు చూసి పత్రికలవాళ్లు ఆమెకి 'బంగారు శిరస్త్రాణం' అని పేరు పెట్టారు. దర్శకుడు జాక్ బెకెర్ ఆ గొడవలోంచి ప్రేమకథ తీశాడు. ప్రియుణ్ణి గిలటిన్ కింద పెట్టి తల నరుకుతుంటే ఆమె ఎదురింటి కిటికీలోంచి చూస్తుంది. మన నటీమణులైతే అక్కడ అరిచి, గాజులు పగలగొట్టుకుని, కనీసం కిటికీ చువ్వలు పట్టుకుని కుప్పకూలాలి. సిన్యోరే చూస్తుంది, అంతే. తల వాలిపోతుంది. నేను కన్నీళ్ల సీన్లకి గ్లిజరిన్ సీసా పట్టుకుని నిలబడ్డదాన్ని, ఆ షాటు విలువ నాకు తెలుసు.

అసలు పేరు సిమోన్ కమింకర్. 1921 మార్చి 25న జర్మనీలోని వీస్‌బాడెన్‌లో పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రెంచి సైన్యం రైన్ ప్రాంతంలో మకాం వేసిన రోజులవి, తండ్రి ఆంద్రే కమింకర్ అక్కడ కొలువులో ఉన్నాడు. ఆయన యూదుడు, గొప్ప దుబాసీ. అవతలివాడు మాట్లాడుతుండగానే ఇవతలి భాషలో అప్పటికప్పుడు చెప్పగలిగే విద్య ఆయనది. 1934లో న్యూరెంబర్గ్‌లో హిట్లర్ ప్రసంగిస్తుంటే ఫ్రెంచి రేడియో శ్రోతలకి దాన్ని అక్కడికక్కడే ఫ్రెంచిలో వినిపించింది ఆయనే. ఆ హిట్లర్ సేనలే ఆరేళ్ల తర్వాత పారిస్‌లో దిగాయి. 1940లో ఆయన లండన్ వెళ్లి, జర్మన్లతో పోరాడుతున్న జనరల్ ద గాల్ పక్షం చేరాడు. ఇంట్లో మిగిలింది తల్లి, ఇద్దరు చిన్న తమ్ముళ్లు, సంపాదించాల్సిన పెద్దకూతురు. వయసు పంతొమ్మిది.

అంతకుముందు రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు కొన్నాళ్లు బ్రిటనీలోని వాన్ అనే ఊళ్లో చదువుకుంది. అక్కడ చరిత్ర పాఠం చెప్పిన టీచరమ్మే తర్వాత జర్మన్లకి వ్యతిరేకంగా పోరాడి లూసీ ఓబ్రాక్‌గా పేరు తెచ్చుకుంది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పారిస్‌లో సిమోన్‌కి దొరికిన ఉద్యోగం ఏమిటంటే, జర్మన్లతో చేతులు కలిపిన ఒక పత్రికలో సంపాదకుడికి సెక్రటరీ. ఆ సంపాదకుడు జాన్ లుషేర్‌ని యుద్ధం అయ్యాక దేశద్రోహం కింద కాల్చి చంపారు. తండ్రి లండన్‌లో ద గాల్ పక్షం, కూతురు పారిస్‌లో శత్రువు పక్షపు పత్రికలో టైపు మిషను ముందు. సినిమా తార ఆత్మకథలో ఇలాంటి అధ్యాయం ఉంటే ఏం చేస్తాం? రెండు వాక్యాల్లో దాటేస్తాం. ఈవిడ దాటేయలేదు. ఇంట్లో తిండికి ఇబ్బంది, అందుకు చేశాను అని రాసింది. అది సంజాయిషీలా లేదు, జమాఖర్చు చెప్పినట్టుంది.

1941 మార్చిలో ఒక సాయంత్రం పారిస్‌లో కఫే ద ఫ్లోర్ అనే కాఫీ హోటల్లోకి అడుగుపెట్టింది. అక్కడ కవులు, చిత్రకారులు, పని దొరకని నటులు, వామపక్షాలవాళ్లు చేరి చలికి కాఫీ తాగుతూ కూర్చునేవారు. తన అసలు పుట్టుక అక్కడే అని ఆమె లెక్క. కొన్నాళ్లకి పత్రిక ఉద్యోగం వదిలేసి సినిమాల్లో చేరతానని వెళ్లిపోయింది. చేరడం అంత తేలిక కాదు. జర్మన్ల ఏలుబడిలో సినిమాల్లో పనిచేయాలంటే వృత్తి కార్డు కావాలి, తండ్రి యూదుడైతే కార్డు రాదు. అందుకని కమింకర్ పోయి తల్లి పుట్టింటి పేరు సిన్యోరే వచ్చింది. కార్డు లేకుండానే గుంపు వేషాలు, ఒకటి రెండు మాటల వేషాలు. మార్సెల్ కార్నే తీసిన 'లె విజితర్ దు స్వార్' అనే పెద్ద సినిమాలో కోటలోని పరివారంలో ఒకతెగా ఉంటుంది. జూనియర్ ఆర్టిస్టు, అంతే.

కార్డు మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి ముందుకి పోతాను. మా రంగంలో చాలా ఏళ్లు ఆడవాళ్లకి మేకప్ కార్డు ఇచ్చేవారు కాదు. తల మాది, మొహం మగవాళ్లది. ఎంత చెయ్యి తిరిగినా హెయిర్‌డ్రెస్సర్ కార్డుతోనే సరిపెట్టుకోవాలి. 2014లో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదంది, అప్పటికి నా చేతులు వణకడం మొదలైంది. ఆమె కష్టంతో నా కష్టాన్ని పోల్చడం లేదు. ఆమెకి ప్రాణం మీదికొచ్చే సంగతి, నాకు కూలి సంగతి. కానీ కార్డు లేనివాళ్లు సెట్టు మీద ఎలా నిలబడతారో, మేనేజరు అటుగా వస్తే ఎలా పక్కకి తప్పుకుంటారో నాకు తెలుసు.

యుద్ధం అయిపోయింది. దర్శకుడు ఈవ్ అలెగ్రేతో జీవితం కలిసింది. 1946లో కాథరీన్ అనే ఆడపిల్ల పుట్టింది. భర్త దర్శకత్వంలోనే 1948లో 'దెదె దాన్‌వేర్' అనే సినిమాలో ఓడరేవు సారాకొట్టులో వేశ్యగా చేసి పేరు తెచ్చుకుంది. 1950లో మాక్స్ ఓఫుల్స్ 'లా రోంద్'లో మళ్లీ వేశ్య. 'కాస్క్ దోర్'లోనూ అదే. ఒకసారి వాంప్ వేషం వేస్తే జీవితాంతం అదే వేషం అని మన దగ్గర ఎంతమంది ఏడ్చారో నేను విన్నాను. సిన్యోరే ఏడవలేదు. ఆ ఆడవాళ్లలో ఒక్కొక్కరికీ ఒక్కో నడక, ఒక్కో చూపు పెట్టింది. అవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మనిషి చేసిందని జుట్టు బట్టి కూడా చెప్పలేం.

1949 ఆగస్టులో దక్షిణ ఫ్రాన్సులోని సేంపోల్ ద వాన్స్ అనే కొండ మీది ఊళ్లో 'లా కొలోంబ్ దోర్' సత్రంలో ఈవ్ మోంతాన్ ఎదురయ్యాడు. గాయకుడు. ఇటలీలో పుట్టి మార్సెయ్ రేవులో పెరిగిన పేదింటి కుర్రాడు, అసలు పేరు ఇవో లీవీ. ఆమెకి పెళ్లయి కూతురుంది. కొద్ది రోజుల్లోనే ఇల్లు వదిలి అతని దగ్గరికి వెళ్లిపోయింది. 1951 డిసెంబరులో అదే ఊళ్లో పెళ్లి చేసుకున్నారు. పారిస్‌లో ప్లాస్ దోఫీన్ అనే చిన్న చౌకులో, ఒకప్పుడు పుస్తకాల షాపుగా ఉన్న ఇంట్లో కాపురం పెట్టారు. నేల మీదే ఇల్లు, కిటికీ ముందునుంచి దారిన పోయేవాళ్లు. తారల ఇల్లంటే గేటు, గూర్ఖా అనుకునే మనకి వింతగానే ఉంటుంది.

మోంతాన్‌ని విడిచి ఉండలేక 'కాస్క్ దోర్' కూడా మానుకోబోయింది. బెకెర్ బతిమాలలేదు, కోప్పడలేదు, నీ ఇష్టం అన్నట్టు వదిలేశాడు. అంతే, పరిగెత్తుకుంటూ వచ్చింది. నిర్మాతలకి ఇది ఉచిత సలహా. తీరా సినిమా విడుదలైతే ఫ్రాన్సులో ఆడలేదు. ఇంగ్లండులో మాత్రం మొదటినుంచీ నెత్తిన పెట్టుకున్నారు, బ్రిటిష్ అకాడమీ ఆమెకి ఉత్తమ విదేశీ నటి బహుమతి ఇచ్చింది. సొంతదేశం తర్వాత తప్పు దిద్దుకుంది. ఇవాళ బెకెర్ సినిమాల్లో ముందు చెప్పేది దీన్నే.

1955లో క్లూజో తీసిన 'లె ద్యాబొలిక్' చూస్తే నాకు మళ్లీ జుట్టు దగ్గరే ఆగింది కన్ను. ఒక బోర్డింగు స్కూలు. దుర్మార్గుడైన హెడ్మాస్టరు, అతని భార్య, అతని ఉంపుడుగత్తె. ఇద్దరాడవాళ్లూ కలిసి వాణ్ణి చంపుతారు, శవం ఈతకొలనులో వేస్తారు, కొలను తోడితే శవం ఉండదు. ఇంతకంటే చెబితే మీరు తిట్టుకుంటారు. భార్యకి రెండు జడలు, సన్నటి ఒళ్లు, గుండెజబ్బు. సిన్యోరేకి మెడదాకా కత్తిరించిన పొట్టి జుట్టు, నల్ల కళ్లద్దాలు, సిగరెట్టు. మూడేళ్ల కిందటి ఆ పసిడి కొప్పు మనిషే ఈవిడ అంటే నమ్మకం కలగదు. విగ్గులతో మనుషులు మారరు. మెడ తిప్పే తీరు మారాలి. ఆ సంగతి మా వాళ్లకి చెప్పేదాన్ని, వినేవాళ్లు తక్కువ.

1958లో ఇంగ్లండునుంచి పిలుపు వచ్చింది. జాక్ క్లేటన్ అనే కొత్త దర్శకుడు 'రూమ్ ఎట్ ది టాప్' తీస్తున్నాడు. పైకి రావాలని తహతహలాడే గుమాస్తా జో. డబ్బున్నవాడి కూతుర్ని పట్టుకోవాలని చూస్తూ, తనకంటే పెద్దదైన ఆలిస్ అనే పెళ్లయిన ఆవిడతో ప్రేమలో పడతాడు. నవలలో ఆలిస్ ఇంగ్లిషావిడే. సిన్యోరే కోసం సినిమాలో ఫ్రెంచావిడని చేశారు. అప్పటికి ఆమెకి ముప్పై ఏడు. మన దగ్గర ఆ వయసుకి వదిన వేషం అయిపోయి అత్త వేషానికి కాల్షీట్లు అడుగుతుంటారు. ఆలిస్ వయసే ఆ సినిమా కథ. ఆమె కళ్ల కింద చారల్ని కెమెరా దగ్గరికొచ్చి చూస్తుంది, ఆమె తప్పుకోదు. జో వదిలేశాడని తెలిశాక ఆ మొహంలో ఏం జరుగుతుందో చూడండి. ఏ కండరమూ పెద్దగా కదలదు.

ఆ సినిమాకి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి, బ్రిటన్‌లో మరొకటి, 1960 ఏప్రిల్ 4న హాలీవుడ్‌లో ఆస్కార్. పోటీలో ఉన్నది ఎవరనుకున్నారు? ఆడ్రీ హెప్‌బర్న్, కాథరిన్ హెప్‌బర్న్, ఎలిజబెత్ టేలర్, డోరిస్ డే. చిన్న బడ్జెట్టు ఇంగ్లిషు సినిమాలో చేసిన ఫ్రెంచి నటి వాళ్లందర్నీ దాటింది. అందులోనూ అమెరికా ఆమెకి కొన్నేళ్లపాటు వీసా ఇవ్వని దేశం. అణుబాంబు వద్దంటూ 1950లో స్టాక్‌హోమ్ విజ్ఞప్తి మీద సంతకం చేసినందుకు మొగుడూ పెళ్లాలిద్దరూ కమ్యూనిస్టుల జాబితాలో పడ్డారు. మోంతాన్ న్యూయార్కులో పాడటానికి 1959లో గాని ఆ తలుపు తెరుచుకోలేదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. 1960 మొదట్లో మోంతాన్ మార్లిన్ మన్రో సరసన 'లెట్స్ మేక్ లవ్' చేస్తున్నాడు. బెవర్లీ హిల్స్ హోటల్లో పక్కపక్క బంగళాలు, నంబర్లు 20, 21. ఒకదాంట్లో వీళ్లిద్దరు, ఒకదాంట్లో మన్రో, ఆమె భర్త నాటకకర్త ఆర్థర్ మిల్లర్. మిల్లర్ నాటకం 'ది క్రూసిబుల్'ని వీళ్లు పారిస్‌లో ఆడారు, సినిమాగానూ చేశారు, అలా పాత పరిచయం. ప్రతి శనివారం పొద్దున్న శాన్‌డియాగోనుంచి ఒక ముసలావిడ విమానంలో దిగేది. ఒకప్పటి హాలీవుడ్ తార జీన్ హార్లో జుట్టుకి ఆ తెల్లటి బంగారు రంగు వేసిన మనిషి. పని మానేసి ఇంట్లో ఉంటే మన్రో వెతికి పట్టుకుంది. కారు పంపి రప్పించి, ముందు తినడానికి పెట్టి, తర్వాత వంటింట్లో కూర్చునేవారు. ముసలావిడ ఇద్దరి కుదుళ్లకీ రంగు పట్టించేది. పట్టిస్తూ హార్లో రోజుల కబుర్లు చెప్పేది. ఇద్దరూ తువాళ్లు చుట్టుకుని వినేవారు.

ప్రపంచంలోకెల్లా పేరున్న తార ఒకరు, ఆస్కార్ అందుకోబోతున్న నటి ఒకరు, ఆదివారం తలంటు పోసుకుని పెరట్లో కబుర్లాడుకునే అక్కచెల్లెళ్లలా. ఆ పేజీలు నేను చాలాసార్లు చదివాను. కారణం స్వార్థమే. తారల పుస్తకాల్లో దర్శకులుంటారు, నిర్మాతలుంటారు, కెమెరామన్ కూడా ఉంటాడు. తలకి రంగేసిన మనిషిని ఇంత ముచ్చటగా, ఇంత మర్యాదగా కూర్చోబెట్టిన పుస్తకం నాకు వేరే కనపడలేదు.

తర్వాత జరిగింది లోకానికంతా తెలుసు. సిన్యోరే ఇటలీలో సినిమా ఒప్పుకుంది, వెళ్లాల్సి వచ్చింది. మిల్లర్ కూడా ఊళ్లో లేడు. మోంతాన్‌కీ మన్రోకీ మధ్య వ్యవహారం నడిచింది, పత్రికలు పండగ చేసుకున్నాయి. రోమ్‌లో ఆమె వెంట కెమెరాలు పడ్డాయి. ఆమె విడాకులివ్వలేదు, మన్రోని ఒక్క మాట అనలేదు. 1962లో మన్రో చనిపోయింది. చాలా ఏళ్లకి పుస్తకం రాస్తున్నప్పుడు ఆ వంటింటి శనివారాల్ని అంత ప్రేమగా రాసింది చూడండి, అప్పటికి జరగాల్సిందంతా జరిగిపోయింది మరి. తాను ద్వేషించలేదన్న సంగతి మార్లిన్‌కి తెలియకుండా పోయిందనే బాధ ఆ పేజీల్లో ఉంది. ఇది పెద్దమనసా, పరువు కాపాడుకోవడమా అని నా స్నేహితురాలు అడిగింది. రెండూ ఉండొచ్చు. దెబ్బ తగల్లేదని మాత్రం ఆమె నటించలేదు. ఆ తర్వాతి ఏళ్లలో తాగుడు పెరిగింది, సిగరెట్లు సరేసరి. నలభైల్లోనే మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, ఒళ్లొచ్చింది.

రాజకీయాల గురించి కొంతైనా చెప్పకపోతే ఆమె సగమే అవుతుంది. 1956 నవంబరులో సోవియట్ ట్యాంకులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోకి వెళ్లాయి. అప్పటికే మోంతాన్ కచేరీలు మాస్కోలో ఖరారై ఉన్నాయి. వెళ్లొద్దని కొందరు, వెళ్లి తీరాలని కొందరు. ఇద్దరూ వెళ్లారు. కచేరీ అయ్యాక సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్, ఆయన సహచరులు భోజనానికి కూర్చోబెడితే, బుడాపెస్ట్‌కి ట్యాంకులెందుకు పంపారని బల్ల మీదే అడిగారు. తిరిగొచ్చాక ఎవరూ మెచ్చుకోలేదు. కుడివైపువాళ్లు ఎందుకెళ్లారన్నారు, ఎడమవైపువాళ్లు ఎందుకడిగారన్నారు. 1960లో అల్జీరియా యుద్ధాన్ని ఖండిస్తూ 121 మంది మేధావులు విడుదల చేసిన ప్రకటన మీద సంతకం పెట్టింది. సంతకం పెట్టినవాళ్లకి ప్రభుత్వ రేడియో, టీవీలలో తలుపులు మూశారు. 1970లో కోస్టా-గావ్రాస్ తీసిన 'లవు'లో మొగుడూ పెళ్లాలిద్దరూ నటించారు. చెకోస్లొవేకియాలో సొంత పార్టీయే జైల్లో పెట్టి, నిద్రపోనివ్వకుండా చేయని నేరం ఒప్పించిన ఆర్తూర్ లండన్ కథ. ఆమె వేసింది లండన్ భార్య లీజ్ వేషం, పార్టీని నమ్మి మొదట భర్తనే తప్పుపట్టిన మనిషి. ఒకప్పుడు తాము నమ్మినదాన్ని తామే తెర మీద విప్పి చూపించారు. పోలండ్‌లో సైనిక పాలన పెట్టాక 1982లో తత్వవేత్త మిషెల్ ఫూకోతో కలిసి మందుల బండ్లతో వార్సా వెళ్లింది. అప్పటికి ఆరోగ్యం అంతంతే.

అన్నీ గెలుపులే అనుకోకండి. 1966లో లండన్‌లో అలెక్ గిన్నెస్ పక్కన లేడీ మాక్‌బెత్ వేసింది. ఫ్రెంచి యాసలో షేక్‌స్పియర్, విమర్శకులు చీల్చి చెండాడారు. ఒప్పుకోకుండా ఉండాల్సింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, వయసు. మోంతాన్, సిన్యోరే ఇద్దరూ 1921లోనే పుట్టారు. తెర మీద 1972లో మోంతాన్ రోమీ ష్నైడర్ ప్రేమికుడు, 1975లో కాథరీన్ దెనవ్ ప్రేమికుడు. అదే కాలంలో సిన్యోరే చేస్తున్నవి ముసలివాళ్ల వేషాలు. ఒకే ఇంట్లో, ఒకే వయసు, ఒకే వృత్తి. మన పరిశ్రమలో ఈ లెక్క నేను ఎన్ని సెట్లలో చూశానో చెప్పక్కర్లేదు. నిన్న హీరో పక్కన డ్యూయెట్ పాడిన తలకే నేను తెల్లరంగు పూసి, అదే హీరోకి తల్లిని చేసి పంపిన సందర్భాలున్నాయి. ఆ రోజు అద్దం ముందు ఎవరూ మాట్లాడేవారు కాదు. సిన్యోరేకి కూడా ఆ అన్యాయం తప్పలేదు. అయితే కుర్రవయసు వేషాల కోసం పాకులాడకుండా, ఆ మొహానికే తగిన కథలు ఎంచుకుంది. తెల్లరంగు పూయించుకుని తల్లి అవడం వేరు, ఉన్న మొహంతో ముఖ్యపాత్ర అవడం వేరు. ఆమె రెండోది చేసింది. అందం ఉన్న రోజులకంటే అది పోయాక చేసిన పనే గొప్పదని నా అభిప్రాయం. 'కాస్క్ దోర్' అభిమానులు కోప్పడితే పడనీయండి.

1969లో మెల్విల్ తీసిన 'లార్మె దెజోంబ్ర్' చూడండి. జర్మన్లకి వ్యతిరేకంగా పనిచేసే రహస్య దళం. అందులో మతిల్ద్ అనే గృహిణి అందరికంటే తెలివైనది. పట్టుబడ్డ సహచరుణ్ణి విడిపించడానికి జర్మన్ నర్సు వేషంలో అంబులెన్సు వేసుకుని జైలు లోపలిదాకా వెళ్తుంది. ఇందాక గుర్తుంచుకోమన్న టీచరమ్మ లూసీ ఓబ్రాక్, భర్తను జర్మన్ల చేతుల్లోంచి విడిపించిన మనిషి. మతిల్ద్ పాత్రలో ఆమె ఛాయలున్నాయంటారు. శిష్యురాలే ఆ వేషం వేసింది. మతిల్ద్ చేసే ఒకే ఒక్క తప్పు, కూతురి ఫొటో పర్సులో పెట్టుకోవడం. చివర్లో నడిరోడ్డు మీద సొంత సహచరుల కారు ఎదురొస్తుంది. ఆమె ఆగి వాళ్లని చూస్తుంది. కళ్లు పెద్దవవుతాయి. ఆ చూపులో భయముందా, అర్థమైందనే ఒప్పుకోలుందా, ఇంట్లో మేం ఇప్పటికీ వాదించుకుంటాం.

1977లో 'మదామ్ రోజా'. నాజీల ఆష్‌విట్స్ శిబిరంనుంచి బతికి బయటపడిన ముసలి యూదు వేశ్య, పారిస్‌లో బెల్‌విల్ పేటలో లిఫ్టు లేని మేడ మీద ఇతర వేశ్యల పిల్లల్ని పెంచుతుంటుంది. మోమో అనే అరబ్బు పిల్లవాడు ఆమెకి చివరిదాకా తోడు. యాభై ఆరేళ్ల మనిషి తన వయసుకి ఇంకో పదేళ్లు కలుపుకుని, బరువు, ఆయాసం, వదులు బట్టలు అన్నీ వేసుకుని మెట్లెక్కుతుంది. ఒకచోట ఆమె ముస్తాబవుతుంది. పాత వయ్యారం అంతా వేళ్లలోకి వస్తుంది, మొహానికి మాత్రం రాదు. సినిమాకి ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్, ఆమెకి ఫ్రెంచి సెజార్ బహుమతి వచ్చాయి. కథకి మూలమైన నవలలో తండ్రి వంక యూదు వంశపు నీడ ఆమెకి కనపడిందేమో. ఒకప్పుడు కార్డు కోసం దాచుకోవాల్సి వచ్చిన పుట్టుక అది.

ఆత్మకథ 1976లో వచ్చింది. పుస్తకం ఆమెది కాదని పుకార్లు పుట్టించినవాళ్లకి జవాబుగా కావచ్చు, తర్వాత ఒక నవల కూడా రాసింది. 'అద్యూ వొలొద్యా', 1985 మొదట్లో విడుదలైంది. ఉక్రెయిన్, పోలండ్‌లనుంచి పారిస్‌కి వలసొచ్చిన యూదు కుటుంబాల కథ. ఉన్ని తోళ్ల పని, కుట్టుపని, పక్కింటి గొడవలు. రాసేనాటికి చూపు దాదాపు పోయింది. అదే ఏడాది సెప్టెంబరు 30న నార్మండీలో తమ ఊరింట్లో క్లోమగ్రంథి కాన్సరుతో చనిపోయింది. అరవై నాలుగేళ్లు. పారిస్‌లో పేర్ లషేజ్ శ్మశానంలో సమాధి. 1991లో మోంతాన్‌ని కూడా ఆమె పక్కనే పెట్టారు. అమెరికా గాయని నీనా సిమోన్ పేరులో సగం ఈవిడదే. యూనిస్ వేమన్ అనే అమ్మాయి నైట్‌క్లబ్బుల్లో పాడటానికి పేరు వెతుక్కుంటూ సిన్యోరే నుంచి సిమోన్ తీసుకుంది.

కొత్తగా చూసేవాళ్లు 'లె ద్యాబొలిక్'తో మొదలుపెట్టండి, పిల్లలు కూడా కదలకుండా చూస్తారు. తర్వాత 'కాస్క్ దోర్', ఆ తర్వాత 'రూమ్ ఎట్ ది టాప్'. 'లార్మె దెజోంబ్ర్' రాత్రి కాకుండా పగలు చూస్తే మంచిది, మనసు తేలికపడటానికి కాస్త సాయంత్రం మిగులుతుంది. 1971 నాటి 'లె షా' కూడా వదలకండి. మహానటుడు జాఁ గాబెన్‌తో చేసింది. చుట్టూ ఇళ్లన్నీ కూల్చేస్తున్న పేటలో ఒక ముసలి జంట. మాటలు మానేసి కాగితం ముక్కల మీద రాసుకుని ఒకరి మీదికొకరు విసురుకుంటుంటారు. ఇద్దరి మధ్య ఒక పిల్లి. ఆమె ఒకప్పటి సర్కస్ కళాకారిణి, ఇప్పుడు కుంటుతూ గ్లాసు నింపుకుంటుంది. బెర్లిన్ చిత్రోత్సవంలో ఇద్దరికీ నటనకి వెండి ఎలుగుబంటి బహుమతులిచ్చారు. దీన్ని మాత్రం మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్న రోజు కలిసి కూర్చుని చూడొద్దు. మేం చూశాం, రెండు రోజులు ఇంట్లో అందరం చీటీలే రాసుకున్నాం.